ఆకుకు పన్ను లేదు.. గూటికి ఉంది!

మెజెస్టిక్‌లో హిందూపురం బస్సు దిగి కాటన్‌పేట వైపు నడిచేవాళ్లంతా సరుకు బేరానికే రారు. కొందరి చంకలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ నకలు, మండీ చీటీలు, నాలుగు మడతల నోటీసు. వాళ్లు వెతుక్కునేది ఆడిటర్ గదిని. 'రైతుకు పన్నేంటి సార్?' అన్నదే మొదటి మాట. అది సగమే నిజం. మిగతా సగం విడమరిచి చెప్పడమే పన్ను సలహాదారు పని.

కెంపేగౌడ 1537లో వేసిన ఊళ్లో సరుకుకో పేట. బియ్యానికి అక్కిపేట, ధాన్యానికి తరగుపేట, పత్తికి అరళెపేట. అరళె అంటే కన్నడంలో పత్తి. ఆ అరళెపేటే కాటన్‌పేట. పంట డబ్బుగా మారే చోట పద్దులు చూసేవాళ్లకూ పని ఉంటుంది. పేరుకు తగ్గట్టు పత్తికి ఇక్కడో తిరకాసు ఉంది. రైతు నుంచి ముడిపత్తి కొంటే జీఎస్టీ కట్టాల్సింది అమ్మిన రైతు కాదు, కొన్న వ్యాపారి. 2017 నవంబరు 15 నుంచి ఇదే పద్ధతి. రైతు పేరు మీద బిల్లు లేదు కదా అని వదిలేసిన వ్యాపారి తర్వాత వడ్డీతో కట్టుకోవాలి.

గీత ఎక్కడ?

1961 ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయాన్ని వదిలేసింది. చేను కౌలుకిచ్చి తీసుకునే డబ్బుకూ పన్ను లేదు. నర్సరీ నారునూ 2008 ఫైనాన్స్ చట్టం వ్యవసాయంలోనే కలిపింది. కోళ్లు, పాడి మాత్రం గీత అవతలే.

సరిహద్దు జనానికి అసలు దెబ్బ పట్టులో తగిలింది. మల్బరీ పెంచి ఆకు అమ్మితే పన్ను లేదు. అదే ఆకును పురుగులకు మేపి గూళ్లు అమ్మితే? అదీ సేద్యమే కదా అని కె.లక్ష్మణన్ అండ్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో కోర్టు ఒప్పుకోలేదు. గూడు పురుగు ఇచ్చింది, నేల ఇచ్చింది కాదంది. ఆకును మార్కెట్‌కు పనికొచ్చేలా చేయడం వేరు, దాన్ని మేపి వేరే సరుకు తీయడం వేరని తేల్చింది. తెల్లవారుజామున లేచి ఆకు కోసే మనిషికి ఈ తేడా మింగుడు పడదు. పడకపోవడంలో తప్పూ లేదు.

అలాగని రామనగర, శిడ్లఘట్ట మార్కెట్లకు గూళ్లు తెచ్చే ప్రతి రైతూ పన్ను కట్టేయాలని కాదు. చాకీ పురుగుల ఖర్చు, కూలీలు, షెడ్డు తరుగు పోగా మిగిలిందే లాభం. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కూడా. చిన్న రైతుకు భయం లేదు. చిక్కల్లా పది షెడ్లు పెట్టి, లెక్క రాయకుండా, వచ్చినదంతా 'వ్యవసాయం' కింద చూపించినవాళ్లకే.

ఆరు కిలోమీటర్ల చిక్కు

పొలం అమ్మినప్పుడు ఇంకో మెలిక. పల్లె పొలం అమ్మకంపై లాభానికి పన్ను లేదు. మరి పల్లె ఎక్కడ మొదలవుతుంది? లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊరికి ఆరు కిలోమీటర్ల లోపు పొలం పట్టణం కిందే లెక్క. 2011 జనాభా లెక్కల్లో హిందూపురం లక్ష దాటింది. పొలం రోడ్డు మీద ఏడు కిలోమీటర్లుంటుంది, బయటపడ్డామనుకుంటారు. కానీ 2013లో చేసిన సవరణతో దూరాన్ని రోడ్డు వెంట కాదు, ఆకాశంలో సూటిగా కొలుస్తున్నారు. అలా చూస్తే అయిదే రావచ్చు. 12 లక్షల రాయితీ ఈ లాభానికి వర్తించదు. రెండేళ్లలో వేరే పొలం కొంటే మినహాయింపు ఉంది. అమ్మకానికి ముందు రెండేళ్లు అక్కడ సాగు జరిగినట్టు చూపాలి. సేల్ డీడ్ అయ్యాక కాక, అడ్వాన్సు తీసుకోక ముందే సలహాదారు దగ్గరికి వస్తే సగం తలనొప్పి ఉండదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఊళ్లో పొలమున్న కొడుకులదీ ఓ పొరపాటు. వ్యవసాయ ఆదాయం అయిదు వేలు దాటితే ఐటీఆర్-1 చెల్లదు. పైగా ఆ ఆదాయాన్ని జీతంతో కలిపి చూసి పన్ను రేటు లెక్కిస్తారు. 1973 ఫైనాన్స్ చట్టం తెచ్చిన ఈ లెక్క తెలియక జులైలో హడావుడిగా ఒక బటన్ నొక్కేస్తుంటారు.

రెండు లిపుల కాగితాలు

ఆంధ్రాలో అడంగల్, 1బీ. కర్ణాటకలో పహణి. రెండు వైపులా పొలమున్న కుటుంబానికి రెండు రకాల రుజువులు. 2020 నుంచి ముఖం చూడని విచారణలు వచ్చాక ఫైలు చూసే అధికారి ఏ రాష్ట్రంలో ఉంటారో తెలియదు. తెలుగు అడంగల్‌ను ఆయనకు అర్థమయ్యేలా అనువదించి పంపాలి. కాటన్‌పేటలో రెండు లిపులూ చదవగల ఆడిటర్‌కు విలువ ఇందుకే.

నకిలీ రైతుల వల్ల అసలు రైతుకూ అనుమానం అంటుతోంది. వ్యవసాయ మినహాయింపు పొందిన కేసులను పరిశీలించిన కాగ్, వాటిలో 22.5 శాతానికి సరైన పత్రాలు లేకుండానే మినహాయింపు ఇచ్చేశారని 2019 నివేదికలో చెప్పింది. 'పొలం ఉన్నట్టు రాసేయండి సార్' అని వచ్చేవాళ్లను వెనక్కి పంపడం కూడా సలహాదారు పనే. ఆ ఫీజు వదులుకోవడం అందరి వల్లా కాదనుకోండి.

2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 2026 ఏప్రిల్ 1 దాని అమలు తేదీ. సెక్షన్ల నంబర్లు మారాయి, గీత మాత్రం అక్కడే ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు కోలారు, మదనపల్లె మండీల్లో లక్షలు చూసిన రైతులున్నారు. ఆ డబ్బుకు పన్ను లేదు. బ్యాంకులో పడ్డ మొత్తం ఎక్కడిదని అడిగితే చూపించాల్సింది మాత్రం ఆనాటి మండీ చీటీ.