నీలిరంగు ఆకులు



2020 మార్చి 24వ తేదీ రాత్రి దేశమంతటికి లాక్‌డౌన్ ప్రకటించిన సంగతి మనలో ఎవరమూ మరచిపోలేదు. మొదట 21 రోజులన్నారు. తరువాత మే 3 వరకు, 17 వరకు, 31 వరకు పొడిగించారు. బడులు అంతకుముందే మూతబడ్డాయి. పెద్దలము వార్తలు చూచి భయపడితే, పిల్లలు మన ముఖములు చూచి భయపడ్డారు. ఆ దినములలో అనేక గృహములలో జరిగినట్లే మా ఇంటిలోను రంగులు, కాగితములు బయటికి వచ్చాయి. వాటి వలన మేము నేర్చుకొనిన సంగతి ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

నిజము చెప్పాలంటే, మొదటి వారము మేము పిల్లలచేత బొమ్మలు వేయించినది మా నెమ్మది కొరకే. వారికి కాగితములిచ్చి, మేము సంఘస్థుల ఫోనులతోను, వార్తలతోను గడిపాము. ఒక సాయంకాలము ఎనిమిదేండ్ల మా అమ్మాయి మామిడిచెట్టు గీసి తెచ్చింది. ఆకులన్నిటికి నీలిరంగు వేసింది. “ఆకులు నీలంగా ఉంటాయా? మళ్లీ సరిగా వేసుకొని రా” అని కాగితము తిరిగి ఇచ్చాము. ఆమె మారు మాటాడలేదు. మరి రెండు దినములు రంగులు ముట్టలేదు.

మూడవ దినమున వాళ్ల అమ్మ దగ్గరకు తీసుకొని అడిగితే, “ఆకుపచ్చ పెన్సిలు అరిగిపోయిందమ్మా. చెప్తే నాన్నగారు కొట్టుకు వెళ్తారు. బయటికి వెళ్తే జబ్బు వస్తుంది కదా” అన్నది.

ఆ మాట విని మేము సిగ్గుపడ్డాము. ఆ నీలిరంగు వెనుక ఎంత భయమున్నదో, మా మీద ఎంత ప్రేమ ఉన్నదో ఒక్క మాట అడిగియుంటే ఆ రోజే తెలిసేది. బిడ్డ ప్రక్కన కూర్చుండి, “పొరపాటు నాదేనమ్మా” అని ఒప్పుకొన్నాము.

ఆ సాయంకాలమే అందరము కలిసి వంటింటిలో రంగులు వెదికాము. పాలకూర నూరి పిండితే ఆకుపచ్చ వచ్చింది. బీటురూటు ముక్క, పొయ్యి బొగ్గు ఉండనే ఉన్నాయి. పసుపు నీళ్లలో చిటికెడు తాంబూలపు సున్నము కలుపగానే ఎర్రబడినది చూచి పిల్లలు కేకలు వేశారు. సున్నము క్షారము గనుక పసుపు అట్లు మారుతుంది. అయితే సున్నము కంటిలో పడితే ప్రమాదము; దానిని పెద్దలే కలపాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు పూసే లక్కలో గింజలు, వేళ్లు, బెరడు, ఆకుల నుండి తీసిన రంగులే కలుపుతారని అప్పుడు వారికి చెప్పాము.

మా అమ్మగారు పాత వార్తాపత్రికలను నానబెట్టించి, నానిన మెంతులతో రుబ్బి, ఆ ముద్దను బోర్లించిన గిన్నె మీద మెత్తించి బుట్ట చేయించారు. టీవీ ముందు దిగులుగా కూర్చుండే ఆమె ఆ నాలుగు దినములు పిల్లలకు గురువయ్యారు. మైదా ఉడికించి జిగురు కాచి, పాత శుభలేఖలతో బొమ్మలు అంటించాము. పురుగు పట్టకుండ పూర్వము జిగురులో మైలుతుత్తము కలిపేవారు. అది విషము, పిల్లల జిగురులో వేయరాదు.

చేతులు పనిలో ఉన్నప్పుడు పిల్లల నోరు తెరుచుకొంటుంది. “తాతగారు చనిపోతారా?”, “బడి ఇక ఉండదా?” అను ప్రశ్నలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాలేదు; కాగితము కత్తిరిస్తూ ఉండగా వచ్చాయి. అందుచేత మీకు మనవి చేయునదేమనగా, పిల్లలకు రంగులిచ్చి లేచి వెళ్లకండి, ప్రక్కన కూర్చోండి. “ఇదేమి బొమ్మ?” అని గద్దించక, “దీని సంగతి చెప్పు నాన్నా” అని అడగండి. వారి బొమ్మను మీ చేతితో దిద్దకండి. అక్క బొమ్మతో తమ్ముని బొమ్మను పోల్చకండి.

ఆ దినములలో పని పోయి పస్తులున్న ఇండ్లను మేమెరుగుదుము. రంగులు ఆకలి తీర్చవు. అట్టి ఇంటికి ముందు బియ్యము చేరాలి. అయినను బియ్యపు సంచి ఇవ్వబోయిన ఒక ఇంటి ముంగిట, బొగ్గుముక్కతో బిడ్డకు నేల మీద రైలు గీసి చూపుచున్న తండ్రిని చూచాము. ఆ బిడ్డ నవ్వుచున్నది.

లాక్‌డౌన్ గతించినది. మా అమ్మాయి ఇప్పుడు హైస్కూలులో ఉన్నది. అయితే చెప్పుకోలేని భయములు పిల్లలకు నేడును ఉన్నవి. మన చేతిలో ఫోనులును ఉన్నవి. వారమునకు ఒక్క అరగంట ఫోను ప్రక్కన పెట్టి, పిల్లలతో కూర్చుండి ఏదైన ఒకటి చేయండి. ఆ నీలిరంగు చెట్టు మా బీరువా తలుపు మీద నేటికిని ఉన్నది. పిల్లలను తొందరపడి దిద్దబోయినప్పుడెల్ల మేము దానివైపు ఒకసారి చూచుకొనుచున్నాము.