విదేశములో ఇల్లు, వాకిట కారు

ఉద్యోగము నిమిత్తమై విదేశములకు బయలుదేరు మన యువతీయువకులు తరచుగా రెండు ప్రశ్నలు వేయుచుందురు. ఏ పేటలో ఇల్లు తీసికొనవలెను? కారు కొనవలెనా, అక్కరలేదా? ఇవి వేరువేరు ప్రశ్నలని వారి తలంపు. కాని ఇవి రెండును కలిసి ఒక్కటే ప్రశ్న యని ఈ ప్రసంగములో మనవి చేయదలచినాము. ఇల్లు కుదుర్చుకొన్ననాడే కారు సంగతియు చాలవరకు తేలిపోవును. అద్దె తక్కువ గదా యని దూరమున దిగి, మిగిలిన సొమ్మును కారునకు ధారపోయుట పలువురి విషయమున జరుగుచున్నదే.

మన పట్టణములలో ఈ చిక్కు అంతగా తెలియదు. వీధి మలుపులో కిరాణా కొట్టు ఉండును. చేయెత్తిన ఆటో ఆగును. వాహనము నడుపుట రాని ముసలివారు సైతము కూరలకో, గుడికో ఒకరి సాయము లేకయే పోయి రాగలరు. విదేశములలో ఈ సౌకర్యము ఊరిని బట్టియు, ఒక్కొక్కచోట పేటను బట్టియు మారును. మన తెలుగువారు విరివిగా వెళ్ళుచున్న సింగపూరు, అమెరికాలను తీసికొని ఈ భేదమును పరిశీలింతము.

సింగపూరు చిన్న దేశము. దాని విస్తీర్ణము సుమారు 735 చదరపు కిలోమీటర్లు. జనాభా 60 లక్షలకు పైబడినది. కోరినవారందరును కార్లు కొన్నచో రోడ్లు చాలవని అక్కడి ప్రభుత్వము ముందుగనే గ్రహించినది. 1975లో రద్దీ వేళ నగర మధ్యమునకు కారు తెచ్చువారిపై రుసుము విధించినది. 1987లో మెట్రో రైలును నడిపినది. 1990 నుండి కారు కొనదలచినవారు మొదట ఒక అర్హత పత్రమును వేలములో పాడుకొనవలసి వచ్చినది. ఆ పత్రము పదేండ్లవరకే చెల్లును. 2018 ఫిబ్రవరిలో కార్ల సంఖ్య పెరుగుదల రేటును సున్నకు దింపినారు. 2023 అక్టోబరులో చిన్న కార్ల తరగతి పత్రమే లక్ష సింగపూరు డాలర్లు దాటినది. అది కారు వెల కాదు. కారు కొనుటకు అనుమతి వెల మాత్రమే!

ఒక చేత్తో కారును ప్రియము చేసిన ప్రభుత్వము, రెండవ చేత్తో కారు లేని జీవితమును సులభము చేసినది. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ కట్టించిన ఎత్తైన భవనములలోనే అక్కడి స్థిరనివాసులలో అధిక సంఖ్యాకులు కాపురముందురు. ఆ పేటలలో కూరగాయల బజారు, భోజనశాలలు, బడి, వైద్యుడు, బస్సు స్టాపు నడచిపోవునంత దూరములో ఉండునట్లు ఏర్పాటు చేసినారు. కనుక సింగపూరునకు వెళ్ళువారు కారును మరచి, మెట్రో స్టేషనుకు ఎన్ని నిమిషముల నడక యన్న లెక్కతో ఇల్లు వెదకుట మేలు. మన పప్పు ఉప్పులు దొరకు సెరంగూన్ రోడ్డు పక్కనే కాపురముండనక్కరలేదు. వారమున కొక్కసారి రైలెక్కిన చాలును.

ఇక అమెరికా సంగతి వేరు. ఆ ఒక్క దేశములోనే రెండు లోకములున్నవి. న్యూయార్కు నగరములో భూగర్భ రైలు 1904లో ప్రారంభమైనది, రాత్రింబగళ్ళు నడుచును. ఆ నగరములో సగమునకు పైగా కుటుంబములకు కారే లేదు. 2025 జనవరిలో మాన్‌హాటన్ దక్షిణ భాగమున ప్రవేశించు కార్లపై రద్దీ వేళలలో 9 డాలర్ల సుంకము కూడ మొదలైనది. హడ్సన్ నదికి ఆవలి గట్టున నున్న జెర్సీ సిటీలో భారతీయులు చాలమంది కలరు. అక్కడినుండి నది క్రిందుగా పోవు రైలులో మాన్‌హాటన్ చేరవచ్చును. అట్టిచోట ఇల్లు తీసికొని కారు కొనుట, గొడుగు చేతనుండగా పందిరి వేయించుట వంటిది.

టెక్సాస్ రాష్ట్రములోని డల్లాస్ ప్రాంతము చూడుడు. అక్కడ తెలుగు కుటుంబములు వేలకొలదిగా స్థిరపడిన ఊళ్ళలో ఫ్రిస్కో ఒకటి. డల్లాసులో 1996 నుండి రైలు నడుచుచున్నది. కాని తమ అమ్మకపు పన్నులో ఒక భాగమును ఆ రవాణా సంస్థకు ఇచ్చి సభ్యులైన ఊళ్ళకే ఆ సేవ లభించును. ఫ్రిస్కో సభ్యత్వము తీసికొనలేదు. అందుచే అక్కడ కారు కొనవలెనా యన్న ప్రశ్నయే లేదు. ఒక కారు చాలునా, రెండు కావలెనా యన్నదే ప్రశ్న.

ఇప్పుడు కొంచెము లెక్క చూతము. 2025వ సంవత్సరమునకు అమెరికా పన్నుల శాఖ, వ్యాపారపు పనిపై సొంత కారు నడుపుటకు మైలునకు 70 సెంట్ల ఖర్చు కట్టినది. పెట్రోలు, బీమా, మరమ్మతులు, కారు వెలలో తరుగు అన్నియు అందులో చేరినవే. ఇల్లు ఆఫీసునకు 20 మైళ్ళ దూరమనుకొందము. రానుపోను రోజునకు 40 మైళ్ళు. నెలకు 20 పనిదినములకు 800 మైళ్ళు. ఖర్చు 560 డాలర్లు. రైలు దగ్గరి ఇంటికి అద్దె 300 డాలర్లు ఎక్కువైనను, కారు లేకయే జరుగుబాటగునెడల, ఆ ఇల్లే చౌక కావచ్చును. ఎటులైనను ఒక కారు తప్పనిచోట మాత్రము బీమా, తరుగు ఉండనే ఉండును గనుక ఆదా ఇంతగా ఉండదు. డబ్బుతోపాటు కాలమును లెక్కింపవలెను. ప్రయాణము పూటకు ముప్పావుగంట చొప్పున నెలకు 30 గంటలు. అవి బిడ్డలతో గడుపవలసిన సాయంకాలములు.

ఈ లెక్కలన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఇల్లు ఎన్నుకొనునది సాధారణముగా ఉద్యోగస్థుడు. పగలెల్ల ఆ ఇంట గడపవలసినది ఇతరులు. కొత్తగా కాపురమునకు వచ్చిన భార్యకు అక్కడి లైసెన్సు ఉండదు. కూతురి పురిటికి వచ్చిన తల్లి నాలుగైదు నెలలు ఉండును. ఆమెకు కారు నడుపుట రాదు. టెక్సాసు ఎండలో రెండు మైళ్ళు నడచి అంగడికి పోవుట ఆమె తరమా? ఇల్లు విశాలమే, వంటగది ముచ్చటైనదే. అయినను ఎవరో ఒకరు సాయంకాలము వచ్చి కారు తీసినగాని గడప దాటలేని బ్రతుకు ఆమెకు బందిఖానా వలె తోచును.

కావున ప్రయాణమగుచున్న వారికి మా సలహా యిది. మొదటి నెల తాత్కాలికముగా ఎక్కడనైన దిగుడు. ఏడాది ఒప్పందముపై వెంటనే చేవ్రాలు చేయకుడు. నచ్చిన ఇంటినుండి ఆఫీసు వేళకు ఒకసారి స్వయముగా ప్రయాణము చేసి చూడుడు. పిల్లలున్నవారు బడి సంగతి ముందుగా విచారింపవలెను. అమెరికాలో ప్రభుత్వ పాఠశాల సామాన్యముగా ఇంటి చిరునామాను బట్టియే నిర్ణయమగును. కారు తప్పనిచోటికి వెళ్ళువారు దంపతులిద్దరును లైసెన్సు సంపాదించుటకు పూనుకొనవలెను. అక్కడ బండి రోడ్డునకు కుడివైపున నడపవలెను గనుక, ఇక్కడ చేయి తిరిగినవారికి సైతము కొంత అభ్యాసము అవసరము.

అద్దె ఎంత, గదులెన్ని యని ఇంటి యజమానిని అడుగుట అందరు చేయు పనియే. కారు నడుపనివారు ఈ ఇంటినుండి పాలకును, మందులకును, నలుగురు మనుష్యులను చూచుటకును ఎట్లు పోదురని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. దానికి సరియైన జవాబు దొరకిన పిమ్మటనే ఇంటికి బయానా ఇచ్చుట మంచిది.