కాలేయంలో చీముగడ్డ: షుగరున్నవారు తప్పక చదవాలి

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో ‘లివరు చెడింది’ అనగానే చాలామంది కామెర్లేననుకొని పసరు మందుకు వెళ్తారు. కాలేయంలో చీముగడ్డ వేరే జబ్బు. చలితో జ్వరం వస్తుంది. కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి పుడుతుంది, ఒక్కొక్కసారి అది కుడి భుజానికి ప్రాకుతుంది. అన్నం సయించదు. కళ్లు పచ్చబడకపోవచ్చు కూడా.

మన దేశంలో ఈ గడ్డలు ఎక్కువగా అమీబా వలన వస్తాయి. కలుషితమైన నీరు, దానికి తోడు తాగుడు. మెట్రోనిడజోల్‌తో చాలావరకు త్వరగానే తగ్గుతాయి. షుగరున్నవారికి ప్రేగుల్లో ఉండే క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియా వలన కూడా గడ్డ కట్టవచ్చు. వీటికంటే అరుదైనది, మొండిది మరొకటి ఉంది.

2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాలు జరిగినప్పుడు ‘మెలియాయిడోసిస్’ అనే అనుమానం పత్రికల్లోకెక్కింది. పేరు మనకు కొత్త గాని జబ్బు పాతదే. విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు రంగూన్‌లో దీనిని కనుగొని 1912లో ప్రకటించారు. మనవాళ్లు ఓడలెక్కి కూలికి వెళ్లిన ఆ రంగూనే.

ఈ క్రిమి మట్టిలో, బురదనీటిలో ఉంటుంది. కాలి పగుళ్లు, గాయాల గుండా, కొన్నిసార్లు శ్వాస ద్వారా, త్రాగే నీటి ద్వారా లోపలికి వెళ్తుంది. వానాకాలంలో ఎక్కువ. మనిషి నుండి మనిషికి అంటడం బహు అరుదు. కనుక రోగిని చూడడానికి, ప్రార్థించడానికి వెళ్లేవారు భయపడనక్కరలేదు.

బురదలో దిగిన ప్రతివారికీ రాదు. వచ్చినవారిలో ఎక్కువమందికి షుగరు ఉంటుంది. షుగరు అదుపు తప్పితే క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు బలహీనపడతాయి. రోజూ తాగేవారికి, మూత్రపిండాల జబ్బున్నవారికి, చాలాకాలం స్టెరాయిడ్లు వాడేవారికి, తలసేమియా ఉన్నవారికి కూడా ముప్పు ఎక్కువ.

అసలు చిక్కు గుర్తించడంలోనే ఉంది. ఊపిరితిత్తులకు పట్టినప్పుడు ఎక్స్‌రేలో టి.బి. లాగానే కనబడుతుంది. స్కానింగులో కాలేయంతో పాటు ప్లీహంలోనూ చిన్న చిన్న గడ్డలు కనబడితే దీనిని అనుమానించాలి. రక్తాన్ని, చీమును కల్చరు చేస్తేనే ఖాయంగా తెలుస్తుంది. ఊళ్లో నాలుగు రోజులు ఏవో ఇంజెక్షన్లు పొడిపించుకొని వస్తే కల్చరులో క్రిమి దొరకకపోవచ్చు. జెంటామైసిన్ వంటి మందులకు ఇది సాధారణంగా లొంగదు.

సరైన మందులున్నాయి. సెఫ్టాజిడైమ్ లేక మెరోపెనెమ్ నరానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి, కాలేయంలో గడ్డలుంటే ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. పెద్ద గడ్డయితే స్కానింగు చూస్తూ సూదితో చీము తీస్తారు. తరువాత కనీసం మూడు నెలలు కోట్రైమాక్సజోల్ బిళ్లలు. ఒళ్లు తేలికపడిందని ఈ బిళ్లలు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు మొదటికే వస్తుంది. టీకా ఇంకా లేదు.

కంభం చెరువు క్రింద నాట్లు వేసే షుగరు రోగులు బూట్లు తొడుక్కోవడం మంచిది. కుదరకపోతే పని కాగానే సబ్బుతో కాళ్లు కడుక్కొని పగుళ్లు చూసుకోండి. పలకల పనిలో చేతులు కోసుకున్నవారు గాయానికి కట్టు లేకుండా మట్టి ముట్టుకోవద్దు.

షుగరుండి, జ్వరం వారం దాటితే ఆసుపత్రికి రండి. పాత చీటీలు, షుగరు రిపోర్టులు, అంతవరకు వాడిన మందుల అట్టలు వెంట తీసుకురండి.