లోపలి చెవి వ్యాధి – అందలి మేలు

చెవి వినుటకే యున్నదని పలువురు తలంతురు. దాని లోపలి భాగమునకు వేరొక పని గూడ కలదు. నత్తగుల్లవంటి భాగము ధ్వనిని గ్రహించుచుండ, ప్రక్కనున్న మూడు అర్ధవృత్తాకార నాళములు తల యెటు తిరిగినదో మెదడునకు తెలుపుచుండును. అచ్చటి ద్రవము హెచ్చి, దానిని పొదివికొనిన పొరలు ఉబ్బుట మెనియే వ్యాధిలో కనబడు వికారము. ఉన్నట్లుండి ఇల్లంతయు గిరగిర తిరుగును. చెవిలో హోరు పుట్టును. వినికిడి, అందును తరచుగా ముందు మంద్రస్థాయిలో, తగ్గును. ఒక్కొక్క దాడి 20 నిమిషములు మొదలు 12 గంటల వరకు ఉండవచ్చును.

మా యెడమ చెవికి ఈ వ్యాధి కలదు. చెవిని నమ్ముకొని బ్రదుకు రేడియో ఉద్యోగికి ఇది చిన్న చిక్కు కాదు. ఒకే తంబురా రెండు చెవులకు రెండు శ్రుతులలో వినబడిన దినములున్నవి. అయినను దీనివలన కలిగిన మేలును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

పూర్వము ఇట్టి దాడులను మెదడునకు రక్తము పోటెత్తుటగా భావించి, రోగి రక్తమును తీసెడివారు. 1861లో, పారిస్ బధిర విద్యాలయ వైద్యుడైన ప్రాస్పర్ మెనియే, మూలము చెవిలోనే యుండవచ్చునని చాటెను. తల తిరుగుటకు ఇతర కారణములును కలవు గావున వైద్యపరీక్ష తప్పదు. కాని పరీక్ష ముగిసిన పిమ్మట, “ఇది చెవి చేయు అల్లరి, ప్రాణభయము లేదు” అని పడకపై పడి యనుకొనగలుగుట యెంత ధైర్యమో అనుభవించినవారికే యెరుక.

ఉప్పు తగ్గింపుమని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. కొన్నాళ్లకు బీరకాయకు, సొరకాయకు స్వంత రుచి యున్నదని తెలిసినది. ఆవకాయపై మమకారము పోయినదని మాత్రము చెప్పజాలము.

అంతకంటె గొప్ప మార్పు వినుటలో వచ్చినది. మా తల్లిగారు మెల్లగా మాటాడుదురు. పూర్వము ఏదో పని చేసికొనుచు ఊకొట్టెడివారము. ఇప్పుడు పీట వేసికొని, ఆమె ముఖము కనబడునట్లు, కుడిచెవి అటు త్రిప్పి కూర్చుందుము. ఆమె చిన్ననాటి సంగతులెన్నియో ఈ రెండేండ్లలోనే వింటిమి. ఇంటిలో ఒకరు మాటాడుచుండగా మరియొకరు అందుకొనుటయు మానిరి.

అంతరిక్షమునకేగిన తొలి అమెరికనుడు ఆలన్ షెపర్డ్ ఈ వ్యాధివలననే యాత్రలకు దూరమై, ఆ యేండ్లలో తోటి వ్యోమగాముల కార్యాలయమును నడపెను. 1968లో శస్త్రచికిత్స పొంది, 1971లో చంద్రునిపై నడచెను. ఆ చికిత్స అందరికి గుణమిచ్చునన్న నిశ్చయము లేదు.

మాకు చంద్రుడక్కరలేదు, కాలువగట్టు చాలును. దాడులు లేని నెలలలో వేకువనే అచ్చటికేగి, దూరపు తాటిచెట్టుపై చూపు నిలిపి తల నటునిటు త్రిప్పుచుందుము. చెవి తెలుపలేని దానిని కన్నులవలనను, పాదములవలనను గ్రహించుట మెదడు ఈ విధముగా అభ్యసించును. మొదట ఇరువది అడుగులకు తూలెడివారము. ఇప్పుడు లాకుల వరకు పోయి వచ్చుచున్నాము.