ఆటకు ముఖచిత్రము

గడచిన మాఘమాసమున నేను విశాఖపట్టణమునకు మా అన్నగారి యింటికి పోయియుంటిని. వారి కుమార్తె ఇంజనీరింగు చదివి యొక కంపెనీలో కొలువు చేయుచుండెడిది. రెండేండ్ల క్రిందట ఆ కొలువు మాని, మేడమీది గదిలో కూర్చుండి యొంటరిగా నొక వీడియో ఆటను తయారు చేయుచున్నది. కూడబెట్టిన జీతమంతయు నందులకే వ్యయమైనది. అన్నగారి దిగులు లోపలిది. వదినగారి దిగులు పైకి వచ్చునది. “పగలనక రాత్రియనక ఆ తెఱకే కండ్లప్పగించినది. దీనివలన నేమి వచ్చునో దేవునికే యెఱుక” అని యామె నాతో మొఱపెట్టుకొనెను.

ఆట మాత్రము ముచ్చటైనది. తుపాను రాత్రి యొక బాలిక, దీపస్తంభపు వెలుగును నమ్ముకొని, చిన్న పడవను చేపల రేవునకు చేర్చవలెను. ఒడ్డున తల్లి వేచియుండును. కథ అంతియే. నేను మూడు మారులు పడవను ముంచి నాలుగవ మారు గట్టెక్కించితిని.

ఆట పూర్తియైనది. ఇక దానికి ముఖచిత్రము కావలెను. సోదరీమణులారా! మనము పుస్తకమునకు అట్ట యెట్టిదో యెఱుగుదుము. నేడు ఇట్టి యాటలు పెక్కు అట్టపెట్టెలలో రాక, ఇంటర్నెట్టులోని స్టీము, ఇచ్ డాట్ ఐఓ, గూగుల్ ప్లే మొదలగు అంగళ్లలోనే అమ్ముడగుచున్నవి. అచ్చట వేలకొలది యాటలు చిన్న చిన్న బొమ్మలుగా వరుసలు తీరియుండును. చూచువాడు ఆ వరుసలను వ్రేలితో త్రోసికొనుచు పోవును. ఏ బొమ్మయొద్ద వ్రేలు నిలుచునో ఆ యాట తలుపు తెఱువబడును. తక్కినవాని లోపల నెంత సొగసున్నను ఎఱిగినవారు లేరు.

మా పిల్ల గీసిన బొమ్మ పెద్ద తెఱమీద కన్నులపండువుగ నుండెను. డాల్ఫిన్స్ నోస్ కొండ, దానిపై దీపస్తంభము, రేవులోని ఓడలు, ఉక్కు కర్మాగారపు పొగగొట్టములు, కైలాసగిరి, మెఱుపులు, పడవ, బాలిక, తల్లి — ఏదియు విడువలేదు. పైన నాలుగు మాటల పేరు. పిదప దానిని ఫోనులో బొటనవ్రేలి గోరంతకు తగ్గించి, “అత్తా! ఏమి కనబడుచున్నదో చెప్పు” అనెను. నాకు కనబడినది నీలపు మరక యొక్కటియే. పిల్ల మొగము చిన్నబోయినది. “దీనిని చూచి యెవరును ఆగకపోయినచో నా రెండేండ్ల పనిని తెఱచి చూచువారే యుండరు” అనెను.

అంతలో కాఫీ తెచ్చిన వదినగారు వెనుకనుండి చూచి, “ముగ్గులో చుక్కలు మితిమీరినచో వీథిని పోవువారికి పద్మము కనబడునా? నీకు ముఖ్యమైనదేదో అది యొక్కటి పెట్టుము” అనిరి. పిల్ల తల్లివంక నట్లే చూచెను.

ఆ మాటలో ఈ విద్య సారమంతయు నున్నది. ఇచ్ డాట్ ఐఓ అంగడివారు ముఖచిత్రము 630 పిక్సెళ్ల వెడలుపు, 500 పిక్సెళ్ల యెత్తు ఉండిన మేలందురు. స్టీమువారి లైబ్రరీలోని నిలువు బొమ్మ 600కు 900. గూగుల్ ప్లేలోని గుర్తుబొమ్మ 512కు 512. పిక్సెలనగా మన ముగ్గు చుక్కవంటి వర్ణబిందువు. గీయుట ఇన్ని చుక్కలతో గీసినను, చూచువాని కంటికి చేరునది తఱచుగా అందులో కొద్దిపాటి చుక్కలే. కావున పెద్దదిగా గీసి మురియుట కాదు, చిన్నదిగా చేసి పరీక్షించుట ముఖ్యము.

ఈ నేర్పు మన సీమకు క్రొత్తది కాదు. శ్రీకాకుళమున జన్మించి, కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్యగారు (1921–1992) చందమామ, యువ, స్వాతి మొదలగు పత్రికలకు ముఖచిత్రములు వ్రాసిరి. పుస్తకముల కొట్టులో త్రాటికి వ్రేలాడు పది పత్రికలలో ‘వపా’ చిత్రమును దూరమునుండియే పోల్చుకొనెడివారము. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱతో తరిణెపట్టు లక్కబొమ్మలను చూడుడు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలను మసక వెలుతురులో సైతము ఆకారమునుబట్టియే పోల్చవచ్చును.

పేరు విషయమున హైదరాబాదునుండి యొక పాఠము గలదు. అచ్చటి ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థవారు 2017లో స్టీమునందు ‘అసుర’ అను ఆటను వెలువరించిరి. పేరు మూడక్షరములే, ఆంగ్లలిపిలో వ్రాసినను అయిదే. పొట్టి పేరును లావు అక్షరములతో వ్రాయవచ్చును. పొడుగు పేరైనచో, అందునను తెలుగు లిపియైనచో, చిన్న బొమ్మలో కొమ్ములును వత్తులును అలుకుకొనిపోవును.

అయితే ముఖచిత్రము కన్నులను లాగిన చాలునా? చాలదు, అది నిజము పలుకవలెను. 1977లో అమెరికాలో అటారీవారి ఆటలు ఇంటింటికి వచ్చినప్పుడు అట్టపెట్టెలమీద క్లిఫ్ స్పాన్ మొదలగువారి దివ్యమైన వర్ణచిత్రము లుండెడివి. లోపల ఆడబోయినచో కొన్ని చతురస్రములు కదలెడివి. 1987లో జపానునందు కాప్‌కామ్‌వారు వెలువరించిన యొక యాట అమెరికాలో ‘మెగామాన్’ అను పేర వచ్చినది. ఆటలోని నాయకుడు చేయియే తుపాకిగా గల నీలివన్నె చిన్నవాడు. అమెరికా పెట్టెమీదనో చేత పిస్తోలు పట్టిన నడివయస్కుడు! నేటికిని జనులు దానిని నవ్వుటకే తలచుకొందురు.

మా పిల్లకును ఒక స్నేహితుడు, “బాలిక చేతికొక కత్తి యిచ్చి, సముద్రమున రాక్షసుని నిలుపుము, జనము విరగబడుదురు” అని సలహా యిచ్చెనట. ఆమె యొల్లలేదు. కత్తియుద్ధము కోరి వచ్చినవాడు పడవను చూచి కోపించును. స్టీమునందు కొన్న పదునాలుగు దినములలోపల, ఆడినది రెండు గంటలకు మించనిచో, పైకము తిరిగి యడుగవచ్చును. అబద్ధపు బొమ్మకు వచ్చిన రూపాయి అట్లే వెడలిపోవును. చెడ్డపేరు మాత్రము మిగులును. బిరుదులు, పొగడ్తలు, తగ్గింపు ధరలు బొమ్మమీద వ్రాయుటను సహితము ఆ యంగడివారు 2022 సెప్టెంబరు 1 నుండి నిషేధించిరి. చిత్రము, ఆట పేరు, దాని యుపశీర్షిక — ఇవి మాత్రమే యుండవలెను.

తల్లియు కూతురును ఆ రాత్రి కలసి కూర్చుండిరి. కొండ పోయినది, పొగగొట్టములు పోయినవి, ఓడలు పోయినవి. మిగిలినవి నల్లని సముద్రము, చిన్న పడవ, దానిపై పడిన పసుపుపచ్చని వెలుగుచాలు. స్టీము పుటల రంగు సహజముగనే నల్లనిది గనుక బొమ్మ అందు కలసిపోకుండ వెలుగును వెడల్పు చేసిరి. రంగులు తీసివేసి నలుపుతెలుపులలో చూచిరి. అప్పుడును పడవ తెలిసినది. పేరు రెండక్షరములకు దిగినది. మరల గోరంత చేసి నాకు చూపిరి. “పడవ! ఎవరో యింటికి వచ్చుచున్నారు” అంటిని. పిల్ల నవ్వెను, వదినగారు కన్నులొత్తుకొనిరి.

1933లో ఓడరేవుగా తెఱువబడిన ఆ పట్టణమున సముద్రముపై బ్రతుకువారి కీ సంగతి చిరపరిచితము. దీపస్తంభములు తమ తమ తీరున మిణుకుమనును. ఆ మిణుకు లెక్కనుబట్టి నావికుడు తా నే రేవు చేరుచున్నాడో యెఱుగును. వెలుగు చిన్నదైన నేమి? స్పష్టముగను, నిజముగను ఉండిన చాలును.

ఆట అంగడికెక్కుట కింకను కొన్ని వారములు గలవు. ఎందఱు కొందురో యెవరు చెప్పగలరు? కాని వదినగారిప్పుడు “ఆ తెఱ” అనుట మాని “మా ఆట” అనుచున్నారు. మన యిండ్లలో బిడ్డలు చేయు పనులు మనకు క్రొత్తవిగ తోచవచ్చును. అయినను ముగ్గుపెట్టిన చేయి, చీరకు అంచు కుదిర్చిన కన్ను మనకు గలవు. పిల్లలు “చూడుము” అని పిలిచినప్పుడు చేతిపని ప్రక్కన పెట్టి చూడుడు. కనబడినది కనబడినట్లు చెప్పుడు. అది వారి కెంతో మేలు చేయును.