ఇంగ్లీషులో ఎల్ వై తగిలిస్తే చాలా? స్పెల్లింగ్ ఎక్కడ తేడా కొడుతుందంటే

తెలుగులో 'నెమ్మది'కి 'గా' తగిలిస్తే 'నెమ్మదిగా' అయిపోతుంది. ఇంగ్లీషులో ఆ 'గా' పని చేసేది ఎల్ వై. స్లో పక్కన పెడితే స్లోలీ. ఇంతవరకు ఈజీ.

ఇప్పుడు రెజ్యూమెకి వద్దాం. సక్సెస్‌ఫుల్ చివర ఆల్రెడీ ఒక ఎల్ ఉంది. ఎల్ వై కలిస్తే రెండు ఎల్‌లు రావాలి. చాలామంది ఒకటి మింగేస్తారు. గొప్పగా చెప్పుకుందామని రాసిన మాట కిందే ఎర్ర గీత పడితే ఏం బాగుంటుంది చెప్పండి!

హ్యాపీలో వై పోయి ఐ వస్తుంది, తర్వాత ఎల్ వై. సింపుల్‌లో చివరి ఇ తీసేసి వై పెడితే చాలు. ట్రూలో ఇ ఎగిరిపోతుంది. కానీ లెటర్ కింద రాసే సిన్సియర్లీలో ఇ అలాగే ఉండాలి, దాన్ని తీసేయొద్దు.

బేసిక్ లాగా ఐ సి తో అయిపోయే మాటలకి ఎ ఎల్ ఎల్ వై పెట్టాలి. మనం 'బేసిక్లీ' అనే పలుకుతాం, ఆ ఎ వినపడదు, అందుకే రాసేటప్పుడు మర్చిపోతాం. పబ్లిక్‌కి మాత్రం ఉత్త ఎల్ వై. మన కోడింగ్ భాషలో అదొక ఎక్సెప్షన్ అనుకోండి.

అసలు డేంజర్ హార్డ్ దగ్గరుంది. కష్టపడ్డానని మేనేజర్‌కి చెప్పాలంటే 'ఐ వర్క్‌డ్ హార్డ్' చాలు. హార్డ్‌లీ అన్నారో, 'దాదాపు లేదు' అనే అర్థం వచ్చేస్తుంది. 'ఐ హార్డ్‌లీ వర్క్‌డ్' అంటే పనే సరిగ్గా చేయలేదని మీరే రాసిచ్చినట్టు! అప్రైజల్ టైమ్‌లో అవసరమా ఇది? స్పెల్ చెక్ కూడా పట్టుకోదు, ఎందుకంటే స్పెల్లింగ్ కరెక్టే. ఫాస్ట్‌కి కూడా ఎల్ వై అక్కర్లేదు, 'రన్ ఫాస్ట్' అంతే.