మంత్రానికి హద్దే బలం: కథల్లో, ఆటల్లో మాయ నడిచే తీరు

మిన్నీ బే (అండమాన్ నికోబార్ దీవులు): రాకుమారిని ఎత్తుకుపోయిన మాంత్రికుడు, ఆమెను వెతుక్కుంటూ వచ్చిన కథానాయకుణ్ణి కూడా అక్కడికక్కడే బూడిద చేయగలిగితే చెప్పడానికి కథే మిగలదు. అందుకే ప్రపంచంలోని ఏ జానపద కథను తీసుకున్నా, మంత్రశక్తితో పాటు దానికొక అడ్డుకట్ట కూడా కనిపిస్తుంది. నేటి ఫాంటసీ నవలలు, పాత్రధారణ ఆటలు ఈ ఏర్పాటుకు ‘మాయా వ్యవస్థ’ అని పేరు పెట్టి, దానిపై విస్తృతంగా చర్చిస్తున్నాయి. పేరు కొత్తదే గానీ పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడలెక్కి ఈ దీవులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలకూ, తెలుగు నేలపై ఉన్నవారికీ చందమామ కథలు, జానపద చిత్రాలు ఆ పద్ధతిని ఏనాడో పరిచయం చేశాయి.

నాలుగు ప్రశ్నలు

ఏ మాయా వ్యవస్థ అయినా ప్రధానంగా నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? దానిని వాడేవారు చెల్లించే మూల్యం ఏమిటి? అది ఏ పని చేయలేదు? ఈ సంగతులు పాఠకుడికి లేదా ఆటగాడికి ఎంతవరకు తెలుసు? మొదటి ప్రశ్న మాయకు మూలాన్ని, రెండోది ఖరీదును, మూడోది హద్దును నిర్ణయిస్తాయి. నాలుగోది కథలోని ఉత్కంఠను నిర్ణయిస్తుంది.

విక్రమార్కుడు, భేతాళుడి కథలు ఇందుకు చక్కని ఉదాహరణ. 11వ శతాబ్దంలో సోమదేవుడు రచించిన సంస్కృత ‘కథాసరిత్సాగరం’లో ఉన్న ఈ కథలు, 1947లో ప్రారంభమైన ‘చందమామ’ ద్వారా తెలుగు ఇళ్లలో స్థిరపడ్డాయి. రాజు మౌనంగా శవాన్ని మోసుకుపోవాలి. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. నోరు విప్పితే మౌనం భంగమై, భేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. ఇక్కడున్నవి రెండే నియమాలు. వాటి మధ్య చిక్కుకున్న రాజుకు తెలివే ఉచ్చు అవుతుంది. నియమం మొదటే తెలిసి ఉండటం వల్ల పాఠకుడు ‘ఏం జరుగుతుంది’ అని కాక ‘ఈసారి ఏం చెబుతాడు’ అని ఎదురుచూస్తాడు. ఎన్ని కథలు నడిచినా ఆ చట్రం విసుగు పుట్టించకపోవడానికి కారణం ఇదే.

చిలుకలో ప్రాణం, గడ్డంలో శక్తి

బుర్రకథగా పల్లెల్లో మారుమోగి, 1942లో జెమినీ సంస్థ ద్వారా వెండితెరకెక్కిన ‘బాలనాగమ్మ’లో మాయల ఫకీరును ఎదురుగా నిలిచి ఓడించడం అసాధ్యం. మనుషుల్ని రాళ్లుగా మార్చగల అతడి ప్రాణం మాత్రం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. కథానాయిక కుమారుడు బాలవర్ధిరాజు కత్తియుద్ధంలో కాక, ఆ రహస్యం తెలుసుకుని చిలుకను చేజిక్కించుకోవడం ద్వారా గెలుస్తాడు. శరీరం వెలుపల దాచిన ప్రాణం అనే ఈ కల్పన రష్యా జానపద కథల్లోని కొష్చేయ్ నుంచి హ్యారీ పోటర్ నవలల్లోని హోర్‌క్రక్స్‌ల వరకు కనిపిస్తుంది. ఆటల్లో ‘లిచ్’ అనే మృత మాంత్రికుడు తన ఆత్మను ఒక పేటికలో దాచుకోవడమూ ఇలాంటిదే. శత్రువు ఎంత బలవంతుడైతే, అతడి బలహీనత అంత దూరాన ఉండాలన్నది ఇందులోని సూత్రం. ఆ దూరమే ప్రయాణమవుతుంది, ఆ ప్రయాణమే కథ అవుతుంది.

కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ మరో రకమైన హద్దును చూపుతుంది. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తేనే నేపాళ మాంత్రికుడికి కోరికలు తీర్చే విగ్రహం దక్కుతుంది. అంటే మూల్యం ముందే నిర్ణయమైంది. అయితే ఆ మూల్యం ఎవరు చెల్లిస్తారన్నది మాత్రం మారవచ్చు. తోటరాముడు మాంత్రికుణ్ణే బలి ఇవ్వడంతో విగ్రహం అతడి పరమవుతుంది. ఆ తర్వాతి చిక్కు కూడా నియమం నుంచే పుడుతుంది. విగ్రహం న్యాయాన్యాయాలు చూడదు, ఎవరి చేతిలో ఉంటే వారి కోరిక తీరుస్తుంది. అది చేతులు మారగానే మేడలు, రాకుమారి కూడా చేతులు మారతాయి. చివరకు మాంత్రికుడి శక్తి అతడి గడ్డంలో ఉందన్న కీలకం కథను ముగింపుకు చేరుస్తుంది. రాకుమారి మెప్పు కోసం గడ్డం తీయించుకున్న మాంత్రికుడు, తన వ్యామోహానికే బలవుతాడు.

1957 నాటి ‘మాయాబజార్’లో మాయ అడుగడుగునా కనిపించినా, కథను తేల్చే ఘట్టంలో పనిచేసేది ఒకే ఒక పని చేయగల వస్తువు. సత్యపీఠం ఎక్కినవారు నిజమే చెబుతారు. అది ఎవరినీ చంపదు, బంధించదు. అబద్ధంతో బతికే శకుని పాలిట మాత్రం అంతకు మించిన ఆయుధం లేదు. పరిమితమైన శక్తిని సరైన పాత్రకు ఎదురుగా నిలపడంలోనే ఆ సన్నివేశం బలం ఉంది.

పాచికల చెంతకు మాంత్రికుడు

కథలో రచయిత ఒక్కడే నిర్ణేత. ఆటలో అలా కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథను కలిసి నడిపేవే పాత్రధారణ ఆటలు. వీటిలో మొదటిదిగా పేరొందిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించారు. మాంత్రికుడి పాత్ర ధరించిన ఆటగాడు ప్రతి చిక్కునూ మంత్రంతో విప్పేస్తే, కత్తి పట్టిన ఆటగాడికి పనే ఉండదు. కాబట్టి మంత్రాన్ని లెక్కలోకి తేవలసి వచ్చింది.

ఇందుకు గైగాక్స్ ఆశ్రయించింది జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన ‘ది డైయింగ్ ఎర్త్’ కథల్లోని ఊహను. ఆ లోకంలో మాంత్రికుడు మంత్రాన్ని మనసులో నింపుకోవాలి. ఒకసారి ప్రయోగించగానే అది జ్ఞాపకం నుంచి చెరిగిపోతుంది. మళ్లీ వాడాలంటే మళ్లీ అభ్యసించాలి. దీనివల్ల మంత్రం తూటా వంటిదైంది. ఎన్ని ఉన్నాయో లెక్క తెలుసు, ఎప్పుడు పేల్చాలన్నదే ఆలోచన.

2014 నాటి అయిదో కూర్పులో ఈ పద్ధతి కొంత సడలినా లెక్క అలాగే ఉంది. మొదటి స్థాయి మాంత్రికుడికి రోజుకు రెండు మంత్రావకాశాలు ఉంటాయి. అయిదో స్థాయికి చేరినవాడికి మొదటి తరగతివి 4, రెండో తరగతివి 3, మూడో తరగతివి 2 లభిస్తాయి. నిప్పుల బంతిని విసిరే ‘ఫైర్‌బాల్’ మూడో తరగతి మంత్రం. దాని దెబ్బను 8 ఆరుముఖాల పాచికలు తేలుస్తాయి. చిన్నపాటి మంత్రాలను ఎన్నిసార్లైనా వాడవచ్చు. పెద్దవాటికి మాత్రం విశ్రాంతి తర్వాతే మళ్లీ అవకాశం. కోరింది జరిపించే ‘విష్’ మంత్రం అన్నిటికంటే పెద్దదైన తొమ్మిదో తరగతిది. దానితో మరో మంత్రం చేసే పనిని కాక, స్వేచ్ఛగా ఏదైనా కోరుకుంటే, ఇక ఎన్నటికీ ఆ మంత్రాన్ని ప్రయోగించలేకపోయే ముప్పు 33 శాతం ఉంటుంది. పాతాళ భైరవి విగ్రహానికి లేని ఖరీదును ఈ ఆట ఇలా విధించింది.

మరికొన్ని ఆటలు సంఖ్యల నిల్వను నమ్ముకున్నాయి. 1986లో జపాన్‌లో విడుదలైన ‘డ్రాగన్ క్వెస్ట్’ వంటి వీడియో గేమ్‌లలో ప్రతి మంత్రానికీ కొన్ని పాయింట్లు ఖర్చవుతాయి. నిల్వ అయిపోతే మాంత్రికుడు సామాన్యుడే. ఇటువంటి నిల్వకు చాలా ఆటల్లో వాడే ‘మన’ అనే మాట పసిఫిక్ దీవుల ప్రజలది. ఆర్.హెచ్.కాడ్రింగ్టన్ 1891లో మెలనీషియన్లపై రాసిన గ్రంథం ద్వారా అది ఇతర దేశాల పండితులకు చేరింది. లారీ నివెన్ 1969 నాటి ఒక కథలో దానిని వాడేకొద్దీ తరిగిపోయే ప్రకృతి వనరుగా ఊహించారు. బావిలో నీరు ఇంకినట్లు ఒక చోట మాయ ఇంకిపోతే మాంత్రికుడి గతి ఏమిటన్నది అక్కడి ప్రశ్న.

చెప్పాలా, దాచాలా

నియమాలన్నీ పాఠకుడికి చెప్పి తీరాలా అన్న చర్చలో అమెరికా నవలాకారుడు బ్రాండన్ శాండర్సన్ 2007లో ప్రతిపాదించిన సూత్రం ప్రసిద్ధం. మాయను పాఠకుడు ఎంత బాగా అర్థం చేసుకుంటే, దానితో చిక్కులను అంత తృప్తికరంగా పరిష్కరించవచ్చన్నది దాని సారాంశం. టోల్కీన్ సృష్టించిన గాండాల్ఫ్ శక్తికి లెక్కలు లేవు. ఆ లోకంలో మాయ ఆశ్చర్యాన్ని, విస్మయాన్ని కలిగిస్తుంది. కానీ చివరి ఘట్టంలో ఉంగరం నాశనమయ్యేది అతడి మంత్రం వల్ల కాదు. ఉర్సులా లె గ్విన్ 1968లో వెలువరించిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో వస్తువు అసలు పేరు తెలిసినవాడికే దానిపై అధికారం. అయితే ప్రతి ప్రయోగం లోకపు సమతుల్యాన్ని కదిలిస్తుంది కాబట్టి జ్ఞాని మంత్రాన్ని ఆచితూచి వాడతాడు. రహస్యం, నియమం రెండింటికీ చోటుంది. ముందు చెప్పని శక్తితో చివర్లో గట్టెక్కించడమే పాఠకుడు క్షమించని తప్పు.

విశ్వాసం ఆటవస్తువు కాదు

ఈ దీవుల మూలవాసుల విశ్వాసాల్లోనూ నియమాలు ఉన్నాయి. 1906-08 కాలంలో ఇక్కడ పరిశోధించిన మానవశాస్త్రవేత్త ఎ.ఆర్.రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రచురించిన గ్రంథంలో వాటిని నమోదు చేశారు. తేనెమైనాన్ని కాల్చినా, కరిగించినా తుపానులకు మూలమైన బీలికు ఆగ్రహిస్తుందని వారు భావించేవారు. ఆత్మలతో సంబంధం ఉందని పేరుపొందిన వ్యక్తిని ‘ఓకో-జుము’ అని పిలిచేవారు. చనిపోయి తిరిగి బతకడం, అడవిలో ఆత్మల్ని కలుసుకోవడం, విశేషమైన కలలు రావడం వంటివి ఆ హోదాకు మార్గాలని ఆ గ్రంథం వివరిస్తుంది. పైకి చూస్తే ఇవి ఆటలోని నిబంధనల్లాగే ఉంటాయి. కానీ ఇవి వినోదం కోసం అల్లినవి కావు, ఋతువులతో, ఆహారంతో, మరణంతో ముడిపడిన ఒక సమాజ జీవన విధానం. వలస పాలన, వ్యాధుల వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జాతుల నమ్మకాలను ఆటలోకి తెచ్చేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

హద్దులేని మాయ తెచ్చే ముప్పు

కల్పిత మాయకు, మూఢనమ్మకానికి మధ్య ఉన్న అసలు తేడా కూడా హద్దు దగ్గరే తేలుతుంది. ఆటలో మంత్రం పనిచేసిందో లేదో పాచిక చెబుతుంది, అందరూ చూస్తారు. మూఢనమ్మకానికి అటువంటి పరీక్ష లేదు. రోగం తగ్గితే తాయెత్తు మహిమ అంటారు, తగ్గకపోతే చేతబడి మరింత బలమైనదంటారు. ఏ ఫలితం వచ్చినా నమ్మకానికి నష్టం లేదు. అందుకే ఒకసారి చేతబడి నింద పడిన మనిషికి తాను నిర్దోషినని నిరూపించుకునే దారే ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో చేతబడి, బాణామతి అనుమానాలతో దాడులు, హత్యలు జరిగినట్లు ఇప్పటికీ వార్తలు వస్తూనే ఉన్నాయి. వృద్ధులు, ఒంటరి మహిళలు, పేదలు ఇటువంటి నిందకు సులువుగా గురవుతారు.

తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధిస్తోంది. క్షుద్రపూజల పేరిట జరిగే అమానుష చర్యలపై మహారాష్ట్ర 2013లో ప్రత్యేక చట్టం తెచ్చింది. 2017లో కర్ణాటక శాసనసభ ఇటువంటి బిల్లును ఆమోదించింది.

మాయల ఫకీరు కథ వినే పిల్లవాడు, ‘అంత శక్తి ఉన్నవాడు చిలుకను ఎందుకు కాపాడుకోలేకపోయాడు’ అని అడుగుతాడు. కథ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలదు. మంత్రంతో జబ్బు కుదురుస్తామని, ఫలానావారే చేతబడి చేశారని చెప్పేవారిని కూడా అదే తీరున అడగవచ్చు. ఏం జరిగితే మీ మాట తప్పని ఒప్పుకుంటారన్న ప్రశ్నకు వారి దగ్గర సమాధానం లేకపోతే, వెళ్లవలసింది ఆసుపత్రికి. నింద పడిన మనిషికి రక్షణ అవసరమైతే వెళ్లవలసింది పోలీసు ఠాణాకు.